పేషీల పెద్దయ్య

కురవిలో వీరభద్రస్వామి కోవెల యెంత ప్రసిద్ధమో, ఆ కోవెల త్రోవలోని చాయదుకాణపు బల్లపై ప్రతి ప్రాతఃకాలమునను ఆసీనులగు పేషీల పెద్దయ్యగారును అంత ప్రసిద్ధులు. ఇట్టివారు ఈ సీమలో ఊరికొక్కరైన నుందురు గనుక వీరి అసలు పేరుతో మనకు పనిలేదు. మూడు గుంటల గట్టుకై వీరు యౌవనమున వేసిన దావా, మున్సిఫు కోర్టునుండి పై కోర్టుకు, అచటినుండి హైకోర్టుకు, అచటినుండి పునర్విచారణకై మరల మొదటి మెట్టునకు దిగివచ్చుచు, వీరి తల నెరసినను తాను మాత్రము నెరయక నిలిచియున్నది. తమ పేషీ లేని దినమునను వీరు మానుకోట కోర్టుకు పోయి, పరుల వ్యాజ్యములను సాంతముగా విని, మాపటి బస్సులో తిరిగివచ్చి, జడ్జిగారి తీర్పుపై తమ తీర్పు వెలువరింతురు. 2022లో ఈ మానుకోట, అనగా మహబూబాబాదు, ప్రత్యేక న్యాయజిల్లా యైనప్పుడు, ఓరుగల్లు ప్రయాణము తప్పెనని తోడి కక్షిదారులెల్ల సంతసింపగా, వీరొక్కరు మాత్రము దూరపు కోర్టుకు పోయివచ్చు గౌరవము పోయెనని కించపడిరట.

ఇట్టి మహానుభావునకు ఇటీవల నొక సిద్ధాంతము తట్టినది: న్యాయమూర్తి మేజాపై పిస్తోలుండవలెను!

దీనికి వీరు వ్రేళ్లు ముడిచి నిదర్శనములు చూపుదురు. 2021 సెప్టెంబరులో ఢిల్లీ రోహిణీ కోర్టున న్యాయవాదుల వేషముతో వచ్చిన యిరువురు, జడ్జి యెదుటనే యొక విచారణఖైదీని కాల్చి చంపిరి. 2025 ఫిబ్రవరిలో మన రంగారెడ్డి జిల్లా కోర్టున ఒక ముద్దాయి జడ్జిపై చెప్పు విసరెను. అదే యేడు అక్టోబరు 6న సాక్షాత్తు సుప్రీంకోర్టులోనే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ గారిపైకి ఒక న్యాయవాది బూటు విసరబోయెను. గవాయ్ గారు చలింపక వాదనలు సాగింపుమనిరన్న ముక్కను పెద్దయ్యగారు చెప్పరు. అది వీరి వాదమునకు పనికిరాదు. రంగారెడ్డి వార్త విన్ననాటినుండి వీరు తమ చెప్పులను కోర్టు గేటు వెలుపల విడిచి, వట్టికాళ్లతోనే లోనికేగుచున్నారు.

"సిన్మాల జడ్జికి ఒక సుత్తెన్న ఉంటది సారూ! మన అసలు జడ్జికి అది గూడ లేకపాయె!" అని వీరు వాపోవుదురు. ఇది మాత్రము సత్యమే. వెండితెరపై 'ఆర్డర్ ఆర్డర్' అని మ్రోగు ఆ కొయ్యసుత్తి మన న్యాయస్థానములలో కానరాదు.

ఒకనాడు నే నుండబట్టలేక, 2005లో అమెరికాలోని అట్లాంటాలో ముద్దాయి రక్షకభటుని పిస్తోలునే చేజిక్కించుకొని న్యాయమూర్తిని కాల్చిన వృత్తాంతమును, 2018లో గురుగ్రామమున ఒక జడ్జిగారి భార్యాపుత్రులను వారి సొంత గన్‌మేనే కాల్చిన ఘోరమును విన్నవించితిని.

"గందుకే గద సారూ! తుపాకి పక్కోనికి ఇచ్చుడెందుకు? జడ్జికే ఇయ్యాలె!" అనిరి, నా నోట నా కేసే ఓడినట్లు. పిదప గోపురమువైపు చేయి చాచి, "మన వీరభద్రునికి పది చేతులు. ఉట్టి చెయ్యితోని పోయిండా దక్షుని మీదికి?" అని ఘోషించిరి.

అప్పుడే చెంబుతో నీళ్లు పట్టుకొని పోవుచున్న అర్చకుడు ఆగెను.

"పోయిండు, నరికిండు. ఆ తర్వాత ఏమైంది పెద్దయ్యా? శివుడు మనసు కరిగి దక్షుని బతికిద్దామనుకునేసరికి తల హోమంల కాలిపాయె. దొరికిన మేకతలనే అతికించిరి. ముందు శిక్ష, ఆనక విచారణ అయితే గట్లనే ఉంటది. పిస్తోలు తీర్పుకు అప్పీలుండదు."

చాయగ్లాసు పెద్దయ్యగారి పెదవులకు జానెడు దూరమున నిలిచిపోయినది. మూడు కోర్టుల మెట్లు, వకాల్తాలు, నకళ్లు, తిరిగిరాని యౌవనము, తెగని మూడు గుంటల గట్టు—అన్నియు ఆ ఒక్క మాటలో వారి కన్నులయెదుట కూలినట్లు తోచెను.

"అప్పీలు లేదా?" అనిరి. మరికొంత తడవునకు, గొంతు తగ్గించి, "పోనీ... స్టే అయినా దొరకదా, అయ్యగారూ?"

ఇంతలో మానుకోట బస్సు హారను వినవచ్చెను. పెద్దయ్యగారు గ్లాసు అచటనే విడిచి, చెప్పులు చేతబట్టుకొని పరుగెత్తిరి.