ఓటమి ఎరుగని వీరుణ్ని తయారుచేయడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మొదటిసారి క్యారెక్టర్ రాసుకుంటున్నారా? గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను బయటికి తెచ్చినప్పటి నుంచీ, నలుగురూ కలిసి కథ అల్లుకోవడమే ఇందులో మజా అని చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి. కథ మీది, మిగతా ముగ్గురూ చప్పట్లకు.

1. డైస్ ఇంట్లోనే వేసుకు రండి. ఒక్కో సామర్థ్యానికి నాలుగు డైస్ వేసి, తక్కువ పడ్డది తీసేసి, మిగతా మూడూ కూడాలి. ఆరు సామర్థ్యాలకూ 18 పడిందని చెప్పండి. ఎవరు చూశారని అడిగితే నొచ్చుకోండి.

2. వీరుడి వయసు పదహారు, అనుభవం నాలుగు వందల ఏళ్లు ఉండాలి. తల్లి దేవకన్య, తండ్రి డ్రాగన్. ఇద్దరూ ఒకే రాత్రి పోవాలి, ఊరు తగలబడాలి. ఇదంతా పదిహేను పేజీలకు తగ్గకూడదు. ఆట నడిపే డంజన్ మాస్టర్ చదవలేదా? అందరూ కూర్చున్నాక గొంతెత్తి చదవండి.

3. పదివేల సైన్యాన్ని ఒంటిచేత్తో ఊచకోత కోసిన మాంత్రికుడికి ఒకటో లెవెల్లో ప్రాణం లెక్క చెప్పే హిట్ పాయింట్లు పదికి అటూ ఇటూగానే ఉంటాయి. గోబ్లిన్ బాణాలు రెండు తగిలితే చాలు, పడిపోతాడు. వెంటనే ‘శాపం వల్ల శక్తులు నిద్రపోయాయి’ అనండి. పోరాటం అయ్యేలోపు నిద్ర లేపండి.

4. బలహీనత ఏదని అడుగుతారు. ‘మరీ జాలిగుండె’ అని రాయండి. స్టార్ ట్రెక్ అభిమానులు రాసే కథలను వెక్కిరిస్తూ 1973లో పౌలా స్మిత్ మేరీ స్యూ అనే, ఏ లోపమూ లేని పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్‌ను సృష్టించారు. ఆ వెటకారం సంగతి వదిలేసి, ఆమెనే సిలబస్‌గా పెట్టుకోండి.

5. ఎదుటివాడి వంతు అనేది లేదు. తలుపు తాళం తీయడానికి దొంగ పాత్ర వేసినవాడు డైస్ చేతిలోకి తీసుకోగానే, ‘మావాడు ఎనిమిదో ఏటే దొంగల ముఠాకు నాయకుడు’ అంటూ తలుపు తీసేయండి. అతను డైస్ కింద పెట్టి ఫోన్ తీస్తాడు. మీ ప్రతిభకు నోట మాట రాలేదన్నమాట.

6. ఇంత వీరుడికి తగ్గ చోటు ‘టూంబ్ ఆఫ్ హారర్స్’. తమ వీరుల గొప్పలు చెప్పుకునేవాళ్ల సంగతి తేల్చడానికే గైగాక్స్ ఈ సమాధిని అల్లి, 1975లో ఆరిజిన్స్ సమావేశంలో ఆడించారు. అందులో ఒక గోడ మీద ఆకుపచ్చ దెయ్యం ముఖం నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ చీకట్లోకి దూరినవాడు ఆనవాలుకు కూడా మిగలడు. మీరు మాత్రం ‘ముందు నేనే వెళ్తా’ అనండి. అంతసేపటి ఆటలో మొదటిసారి, మిగతా ముగ్గురూ మీ మాటకు ఒకే గొంతుతో సరేనంటారు.