టైలరక్క ఎవరి పక్షం

నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు మీద ఇందుకూరుపేట దాటాక ఏ ఊళ్లో బస్సు దిగినా ఒక రామాలయం, రొయ్యల మేత అమ్మే అంగడి, ఒక టైలరక్క ఉంటారు. గుడికి, అంగడికి బోర్డులుంటాయి. టైలరక్కకి అక్కర్లేదు. వరండాలో మెషినూ, దండెం మీద ఆది జాకెట్లూ కనిపిస్తే చాలు. ఆమె అసలు పేరు రేషన్ కార్డుకీ ఓటర్ల జాబితాకీ మాత్రమే తెలుసు. మొగుడు కూడా బయటివాళ్ల ముందు "మా టైలరక్క ఇంట్లో లేదు" అనేస్తాడు.

ఈమెకి మనుషులు ముఖాలతో గుర్తుండరు. చంక చుట్టుకొలతతో గుర్తుంటారు. పెళ్లికి పోతే అక్షింతలు వేస్తూ కూడా పెళ్లికూతురి వీపు వైపే చూస్తుంది. అక్కడ మడత పడిందా, కుట్టింది తనైతే ఆ పూట అన్నం సయించదు. పక్కూరామె అయితే సాంబారు రెండోసారి పోయించుకుంటుంది.

సినిమాలంటే ప్రాణం. దారపుండల డబ్బాకి ఫోను ఆనించి, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను తెర మీద పెట్టి చూస్తుంది. కానీ ఏడుపు సినిమాలు పెట్టనివ్వదు. పట్టుగుడ్డ మీద కన్నీటి చుక్క పడితే మరక పోదట. నవ్వించాలి, తెర నిండా బట్టలుండాలి. సూళ్లూరుపేటలో 2019లో 'సాహో'తో తెరిచిన 106 అడుగుల తెర హాలుకి కూడా ఊళ్లోవాళ్లతో కలిసి పోయొచ్చింది. కథేందక్కా అంటే, అంత పెద్ద తెర మీద కోట్ల కుట్టు ఎంత బాగా కనపడిందో చెప్పింది. కథ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

కుట్టుపని మీద తెలుగులో తీసిన నవ్వుల సినిమా అంటే అందరూ వంశీ 1986లో తీసిన 'లేడీస్ టైలర్' పేరే చెప్తారు. రాజేంద్రప్రసాద్ సుందరం, ఇళయరాజా పాటలు, తనికెళ్ల భరణి మాటలు. లోకమంతా పొట్ట పట్టుకుని నవ్విన ఆ సినిమాని టైలరక్క మాత్రం ఫిర్యాదు కాగితంలా చూస్తుంది. కుడి తొడ మీద పుట్టుమచ్చ ఉన్న ఆడమనిషి కోసం ఊరంతా గాలించే టైలరు ఆమె దృష్టిలో టైలరే కాడు. "శ్రావణమాసంలో వాడి అంగడి ముందు ఎంతమంది నిలబడి ఉంటారో ఎవురన్నా చూపించారా?" అని నిలదీస్తుంది. 2017లో అదే వంశీ 'ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్' తీసి సుందరం కొడుకుని డిజైనర్ని చేశాడు. ఈమె ఒక్క మాటతో తేల్చేసింది: "తండ్రి కుట్టలేదు, కొడుకు డిజైనా?"

అలాంటి మనిషికి చివరికి నచ్చింది ఒక అమెరికా సినిమా. 2006లో వచ్చిన 'ది డెవిల్ వేర్స్ ప్రాడా'. పని నేర్చుకోడానికి వచ్చే డిగ్రీ పాప ఒకరోజు ఫోన్లో పెట్టింది. న్యూయార్కులో పెద్ద ఫ్యాషన్ పత్రిక, దానికి మిరాండా అనే సంపాదకురాలు, ఆమె కింద చేరిన ఆండీ అనే అమ్మాయి. బట్టలంటే చిన్నచూపున్న ఆండీ అష్టకష్టాలూ పడుతుంటే చూసేవాళ్లంతా ఆమె వైపే ఉంటారు. మిరాండా వేషం కట్టిన మెరిల్ స్ట్రీప్ పొద్దున్నే వచ్చి కోటూ సంచీ ఆ పిల్ల బల్ల మీద విసిరేస్తుంటే ప్రపంచమంతా జాలిపడింది. మా టైలరక్క పడలేదు. "విసిరేస్తే ఏమాయె? ఆ కోటు చూడు, ఎక్కడన్నా ముడత పడిందా?" అంది.

ఇంగ్లీషు రాకపోవడం ఆమెకి అడ్డే కాలేదు. పైగా ఆ తెల్లజుట్టామె గొంతు పెంచదు. ఎంత కోపమొచ్చినా గుసగుసగానే మాట్లాడుతుంది. బట్టల్ని చూపించినప్పుడు పెదవి ఇంత బిగిస్తే చాలు, ఆ డిజైనరు ఆరు నెలల కష్టం బూడిదలో పోసినట్టే. టైలరక్కకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తనూ అంతే. పాప కుట్టిన చెయ్యి తిప్పి చూసి, నోట్లోని గుండుసూది తియ్యకుండానే "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ"కి అర్థం విప్పి మళ్లీ కుట్టమని. మెచ్చుకోలైతే అసలు శబ్దమే రాదు.

సినిమాలో అందరూ చెప్పుకునే ఘట్టం ఒకటుంది. ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు నడుం బెల్టులు పట్టుకుని, రెండూ ఎంత తేడాగా ఉన్నాయో అని ఒకామె తలపట్టుకుంటుంటే ఆండీ ఫక్కున నవ్వుతుంది. అక్కడ చూసేవాళ్లూ నవ్వుతారు. పాపా నవ్వింది. టైలరక్క మెషిను ఆపింది. డబ్బాలోంచి రెండు మెరూన్ దారపుండలు తీసి, "మేయ్, ఈ రెండూ ఒకటేనా చెప్పు" అంది. పాప ఒకటేనంది. పెళ్లి జాకెట్టు గుడ్డ వెలుతురులోకి పట్టుకుని రెండు పోగులూ దాని మీద పరిచి చూపించింది. ఒకటి గుడ్డలో కలిసిపోయింది. రెండోది గీత గీసినట్టు పైకి తేలి కనపడింది. పాప నవ్వు అక్కడికి ఆగిపోయింది. తెర మీద ఆండీ నవ్వు కూడా అప్పుడే ఆగింది.

అక్కడ మిరాండా చెప్పే సంగతి చాలామందికి కొత్త. నీ వంటి మీది నీలం స్వెట్టరు నువ్వు ఎంచుకున్నది కాదు, 2002లో ఆస్కార్ డి లా రెంటా గౌన్లలో మొదలైన రంగు మెట్టు మెట్టుగా దిగి చవక దుకాణం గంపలో నీకు దొరికింది అంటుంది. పాప తెలుగులో చెప్తే టైలరక్క తేలిగ్గా తీసిపారేసింది. దీంట్లో వింతేముందట? సినిమాలో హీరోయిన్ వేసిన బోట్ నెక్ ముందు నెల్లూరు ట్రంకు రోడ్డు అద్దాల షాపు బొమ్మకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి చిన్నబజారుకి, అక్కణ్ణుంచి ఇందుకూరుపేట పెళ్లిపందిరికి. ఆఖరున ఒకామె వచ్చి, "నాకు ఫ్యాషన్ పిచ్చి లేదక్కా, ఏదో ఒకటి కుట్టు, మెడ మాత్రం ఇట్ట రావాలి" అని ఫోను చూపిస్తుంది.

పై మెట్టు మీద మన ఊరి మనిషి కూర్చున్న కాలం కూడా ఉంది. సినిమా తార వాణిశ్రీ పుట్టింది నెల్లూరులోనే. 1971లో 'ప్రేమనగర్' వచ్చిన రోజుల్లో ఆమె కొప్పు, ఆమె చీరకట్టు, ఆమె జాకెట్టు చేతులు ఆంధ్రదేశమంతా దిగుమతి చేసుకుంది. టైలరక్క అత్త ఆ చేతులు కుట్టే పేరు తెచ్చుకుందట. ఈ గొప్ప చెప్పేటప్పుడు మాత్రం నోట్లోంచి గుండుసూదులు తీసి పక్కన పెడుతుంది.

మిరాండాకి తెలియని మెట్లు కూడా ఈమెకి తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్య రేటు తగ్గింది. ఆ దెబ్బకి మగ్గం వర్కు అడిగిన పెళ్లిళ్లవాళ్లు పైపింగుతో సరిపెట్టుకున్నారు. రొయ్యల గుంటలో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత పడిందో గుంట కాపలావాడి కంటే ముందు జాకెట్టు మెడ చూసి ఈమె చెప్పేస్తుంది. సినిమా పేరులో ఉన్న ప్రాడా కంపెనీవాళ్ల సంగతీ విని ఉంది. అదే ఏడాది జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో వాళ్లు నడిపించిన చెప్పులు అచ్చం కొల్హాపురీలేనని దేశమంతా గోలపెట్టింది కదా. "చూశావా, మెట్లు పైకి కూడా ఎక్కుతాయి" అంది. ఈ మాట మిరాండాకి తట్టలేదని నా అభిప్రాయం.

ఈ సినిమాని రెండోసారి చూసింది వేసవిలో, సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి, మొగుళ్లు వరండాల్లో ఉంటారు. పెళ్లిళ్లూ అప్పుడే. ఇంట్లో మగాళ్లకి పని లేదు, ఆడవాళ్లకి ఊపిరి లేదు. మొగుడు బీడీ కాలుస్తూ తనూ చూశాడు. పని ఎక్కువై ఆండీ తన ప్రియుడి పుట్టినరోజుకి అందుకోలేకపోతుంది, అతగాడు మూతి ముడుచుకుంటాడు. "పాపం, ఆ పిల్లోడు ఎదురుచూసి ఎదురుచూసి..." అని మొగుడు జాలిపడేసరికి టైలరక్క తల తిప్పింది. "పుట్టినరోజు మళ్లా ఏడు వస్తది. ముహూర్తం వస్తదా? నువ్వు ముందు ఆ హుక్కుల సీసా అందుకో." ఉప్పుగాలికి హుక్కులు తుప్పు పడతాయని వాటిని హార్లిక్స్ సీసాలో బిగించి ఉంచుతుంది. మూత తియ్యడం మొగుడి ఉద్యోగం. బోటు నడిపే మనిషి మారుమాట లేకుండా మూత తీశాడు.

చివర్లో ఆండీ ఫోను నీళ్ల ఫౌంటెన్లో పారేసి ఉద్యోగం వదిలేస్తుంది. ఫోను పారేసినందుకు టైలరక్క చాలాసేపు బాధపడింది. ఉద్యోగం వదలడం మాత్రం మామూలేనంది. ఈమె దగ్గర పని నేర్చిన పిల్లలందరూ అంతే. కత్తెర పట్టడం వచ్చేదాకా "అక్కా, అక్కా" అంటారు, వచ్చాక పక్కవీధిలో అంగడి పెడతారు. పోయిన ఏడు అట్లా పోయిన పిల్ల పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదు. దానికి చంక తిప్పడం రాదనీ, లోపల గుడ్డ వదలకుండా కత్తిరిస్తదనీ ఊరంతా చెప్తుంది.

సినిమాలో మిరాండా, తనని వదిలిపోయిన ఆండీ గురించి కొత్త ఉద్యోగంవాళ్లు అడిగితే మంచిమాటే రాసి పంపుతుంది. అక్కడ పాప ఆశ్చర్యపోయింది. టైలరక్క ఏమీ అనలేదు. అంతలో కృష్ణపట్నం వైపు నుంచి ఒకామె ఏడు జాకెట్లు సంచీలో వేసుకుని వచ్చింది. ఎల్లుండే పెళ్లి, కాదనొద్దంది. టైలరక్క నాలుగు తీసుకుని మిగతా మూడూ చేతికిచ్చింది.

"పక్కవీధిలో నీలం గేటు. ఆ పిల్ల కుడతది. లోపల గుడ్డ వదలమని గట్టిగా చెప్పు. నేను పంపినట్టు మాత్రం చెప్పబాక."