బెత్తము, చేతితొడుగులు

ముప్పదియైదేండ్లు తిరువూరు చుట్టుపట్ల బళ్లలో సాంఘికశాస్త్రము బోధించి, ఆ శాస్త్రమువలన కంటె బెత్తమువలననే యెక్కువ కీర్తి గడించిన నాకు నార్వే యనగా ఒక్క మార్కు ప్రశ్న మాత్రమే. అర్ధరాత్రి సూర్యుడు కనిపించు దేశమేదని యడుగుటయు, చెప్పలేని వాని యరచేత ఒకటి వడ్డించుటయు, ఇంతటితో ఆ దేశముతో నా ఋణము తీరినదని తలచితిని గాని, మా యమ్మాయి ఓస్లోకు కాపురము పోవునని కలగంటినా?

అచ్చట ఏడాది నిండిన బిడ్డను 'బార్నెహాగె'కు పంపుదురు. ఆ మాటకు పిల్లల తోట యని యర్థము. మంచు పడుచుండగా ఆరుబయట తోపుడుబండిలో హాయిగా నిద్రించుచున్న దౌహిత్రుని ఫొటో చూచి మా యావిడ పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు మ్రొక్కుకొనెను. ఆ తల్లి దయయో, ఉన్నిబట్టల మహిమయో, వానికి జలుబైనను చేయలేదు. చెడ్డ వాతావరణమనునది లేదు, చెడ్డ దుస్తులే కలవని వారి సామెత. మా రోహిణికార్తెకు తగిన దుస్తులను మాత్రము వారును ఇంకను కుట్టినట్లు లేదు.

వానికిప్పుడు ఏడేండ్లు. వేసవి సెలవులకు వచ్చుటకు ముందే అమ్మాయి ఫోనులో హెచ్చరించినది: "నాన్నా, వాడి మీద చెయ్యెత్తకండి, సరదాకైనా సరే."

తలిదండ్రులు సైతము బిడ్డను కొట్టరాదని నార్వే చట్టము స్పష్టముగా శాసించినది 1987లో. సరిగా ఆ యేడే నేను ఉద్యోగమున చేరి మొదటి బెత్తము సంపాదించితిని. 2009 నాటి మన విద్యాహక్కు చట్టము దానిని అటక యెక్కించినది గాని, ఇంటిలోని చేతి జోలికి పోలేదు. 2012 డిసెంబరున ఓస్లో న్యాయస్థానము, కన్నకొడుకును హింసించినారని ఒక తెలుగు దంపతులకు కారాగారశిక్ష విధించినప్పుడు, పత్రిక చేతబట్టి 'పెంపకమునకు శిక్షయా!' యని మా యరుగుమీద నేను చేసిన గర్జన బస్టాండు దాక వినబడియుండును. అందు సగము నా తరఫున నేను చేసికొన్న వాదమేయని నాటి శ్రోత లెవరును కనిపెట్టలేదు.

వాడు వచ్చెను. వాని పెట్టెలో వానకోటు, బూట్లు, తుదకు ఉన్ని చేతితొడుగులు! ఎట్టి వాతావరణమందైనను బయట ఆడవలెనను బడి యలవాటట. "మార్కులెన్నిరా?" అంటిని. "మార్కులంటే ఏంటి తాతా?" అనెను. ఏడవ తరగతి దాక అచ్చట మార్కులే లేవు. పంతులమ్మను పేరు పెట్టియే పిలుతురు. మా యావిడ ముద్దపప్పు కలిపి గోరుముద్ద చాచగా, "నాకు చేతులున్నాయిగా అమ్మమ్మా" యని, రొట్టెముక్కపై గోధుమవన్నె తియ్యని చీజు పరచి, కాగితమున చుట్టుకొని, తన భోజనము తానే సిద్ధపరచుకొనెను.

ఒకనాడు ఊరగాయ జాడీ దింపుచుండగా అటకమీది బెత్తము జారి వాని కాళ్లకడ పడెను.

"ఇదేంటి తాతా?"

"పటంలో ఊళ్లు చూపించే కర్ర," అంటిని. ధర్మరాజంతవాడే ఒకమారు ఇట్టి సత్యము పలికియున్నాడు.

ఇక వాడు ఊరకుండునా? అరుగుమీది గోడకు ప్రపంచపటము వ్రేలాడదీయించి, చూపుమనెను. నేను బెత్తము నెత్తి నార్వేపై నానించిన క్షణమున, నా పూర్వశిష్యుడు, మామిడితోటలు కౌలుకు పట్టువాడు, నలుబదియైదేండ్ల వాడు, వీధిన బోవుచు తలయెత్తి చూచెను. చేతిసంచి నేలబడినది. రెండరచేతులును వీపువెనుక దాచుకొని, "నార్వేయండీ!" అని యరచెను.

"తాతా, ఆయన చేతులెందుకు దాచుకున్నారు?"

"చలికి, నాన్నా," అంటిని.

వాడొక్క పరుగున లోనికి పోయి, ఉన్నితొడుగులు తెచ్చి, ఆయన యెదుట చాపి నిలుచుండెను.