స్నేప్ అనండి, పరువు దక్కుతుంది

హ్యారీ పోటర్ నవలల్లో మీకు ఇష్టమైన పాత్ర ఎవరని అడిగితే ఇంకా తడుముకునేవాళ్లు ఉన్నారంటే జాలేస్తుంది. మొదటి పుస్తకం 1997 జూన్‌లో వచ్చింది. ఏడోది 2007 జూలైలో వచ్చింది. 2001 నుంచి 2011 దాకా ఎనిమిది సినిమాలు వచ్చిపోయాయి. ఇంత గడువిచ్చినా జవాబు సిద్ధం చేసుకోకపోతే తప్పెవరిది? పెళ్లిచూపుల్లో మేడ మీదకి పంపినప్పుడు అడుగుతున్నారు. ఆఫీసులో కొత్తగా చేరిన రోజు అడుగుతున్నారు. డల్లాస్‌లో ఉండే మేనకోడలు వీడియో కాల్‌లో "మామయ్యా, నీ ఫేవరెట్ ఎవరు?" అంటుంది. అప్పుడు నోరు వెళ్లబెడితే మేనమామ హోదా ఏం కాను? అందుకే ఈ నాలుగు ముక్కలు.

పుస్తకాలు చదివాక పాత్రను ఎంచుకోవాలన్న అపోహ ముందుగా వదిలించుకోండి. ఏడూ కలిపితే మూడు వేల పేజీలు దాటతాయి. అన్నీ చదివితే ఒకరికి బదులు పదిమంది నచ్చుతారు, ఆ పదిమందిలోనూ లోపాలు కనిపిస్తాయి, చివరికి ఏ పేరూ గట్టిగా చెప్పలేని స్థితికి వస్తారు. చదువుకున్నవాళ్లలో చాలామంది ఇలాగే చెడిపోయారు. ముందు పాత్రను ఖాయం చేసుకోండి. తీరిక దొరికితే, పంచాంగంలో మన రాశి ఒక్కటే చూసుకున్నట్టు, ఆ పాత్ర ఉన్న పేజీలు మాత్రం తిరగేసుకోండి.

హ్యారీ పేరు ఎత్తకండి. కటౌట్‌కి పాలు పోసే జాతి మనది. హీరో పేరు చెబితే "వీడికి ఇంతకన్నా తెలియదు" అని తేల్చేస్తారు. పైగా హ్యారీలో ఏముంది? మెట్ల కింద గూట్లో పడుకున్నాడు, పెద్దమ్మ కొడుకు విడిచిన బట్టలు కట్టుకున్నాడు, అయినా మనుషుల మీద కసి పెంచుకోలేదు. అంత మంచితనం గురించి నలుగురిలో ఎంతసేపు మాట్లాడగలం?

స్నేప్ అనండి. హ్యారీ చదివే మంత్రాల బడిలో పోషన్స్ మాస్టారు సెవెరస్ స్నేప్. ఈ పేరు చెప్పగానే ఎదుటివాళ్లు ఒక క్షణం మౌనంగా తలాడిస్తారు. నల్ల అంగరఖా, చిన్నప్పటి నుంచీ లోపలే దాచుకున్న ప్రేమ, చావు ముందు బయటపడ్డ నిజం. దేవదాసును నెత్తిన పెట్టుకున్నవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? అయితే స్నేప్‌ని సినిమాలోనే చూడాలి. అలన్ రిక్‌మన్ గొంతు వినిపిస్తే సగం పాపాలు అక్కడే మాఫీ. పుస్తకంలో స్నేప్ కథ మొదలయ్యేసరికి ముప్పై ఒక్కేళ్ల కుర్ర మాస్టారు, జిడ్డు జుట్టు, పిల్లల మీద పళ్లు నూరడం తప్ప వేరే సరదా లేదు. రిక్‌మన్ మొదటి సినిమా నాటికే యాభై దాటిన మనిషి. ఆయన మొహంలోని అలసట చూసి మనం దాన్ని లోతు అనుకున్నాం. అనుకోనివ్వండి, మనకి కావలసింది అదే.

స్నేప్ అభిమానులు మూడో పుస్తకం ఏడో అధ్యాయం జోలికి మాత్రం పోకూడదు. అక్కడ నెవిల్ లాంగ్‌బాటమ్ అనే పదమూడేళ్ల పిల్లవాడు పోషన్ కాస్తుంటాడు. ఆకుపచ్చగా రావలసింది నారింజ రంగులో వచ్చింది. మాస్టారు గరిటెతో పైకెత్తి, క్లాసందరికీ కనబడేలా మళ్లీ గిన్నెలోకి ఒలికిస్తాడు. క్లాసు అయ్యేలోగా దీన్ని నీ కప్పకే పోస్తాను, ఏమవుతుందో చూద్దాం, అప్పటికైనా నీకు బుద్ధొస్తుందేమో అంటాడు. పిల్లవాడు వణికిపోతాడు. తోటి విద్యార్థిని హెర్మయనీ పక్కనుంచి గుసగుసగా ఏం కలపాలో చెప్పి గండం గట్టెక్కిస్తుంది. కప్ప చావకుండా తోకకప్పగా మారుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. మాస్టారికి అది నచ్చదు. సాయం చెయ్యొద్దని చెప్పాను కదా అని అయిదు పాయింట్లు కోసి క్లాసు వదిలేస్తాడు. ఆ తర్వాతి పాఠంలో, చూసేవాడి భయం ఏదైతే ఆ రూపు తొడుక్కునే బొగ్గర్ట్ బీరువాలోంచి వస్తుంది. నెవిల్ అమ్మానాన్నల్ని చిత్రహింసలు పెట్టి మతి పోగొట్టినవాళ్లు ఇదే కథలో ఉన్నారు. అయినా ఆ పిల్లవాడి ముందు అది వేసుకున్న వేషం పోషన్స్ మాస్టారిది.

మీ వదిన ఈ అధ్యాయం చదివొచ్చి "అదేమిటండీ, టీచరై ఉండి పిల్లాడి కప్పని చంపుతానంటాడా?" అని నిలదీస్తే కంగారుపడకండి. "ప్రేమలో దెబ్బతిన్నవాడమ్మా" అనండి. దేవదాసు పక్కన కుక్క కూడా హాయిగా కూచునేదని ఆవిడకి గుర్తొచ్చేలోగా మాట మార్చండి.

ఇంట్లో చదువుకునే పిల్లలున్నవాళ్లు హెర్మయనీని ఎంచుకోవాలి, అదీ పిల్లలకి వినబడేలా. మాస్టారు ప్రశ్న పూర్తి చెయ్యకముందే ఆ పిల్ల చెయ్యెత్తుతుందని రోజుకోసారి గుర్తు చెయ్యాలి. మూడో ఏడాది ఒకే గంటలో రెండు మూడు క్లాసులకి వెళ్లడానికి, కాలాన్ని వెనక్కి తిప్పే చిన్న ఇసుక గడియారం మెళ్లో వేసుకుని తిరిగింది. మన ఇంటర్ కాలేజీల యాజమాన్యాల చేతికి ఆ వస్తువు చిక్కలేదు కాబట్టి సరిపోయింది, చిక్కితే స్టడీ అవర్లే రోజుకి ముప్పై గంటలుండేవి. ఇంతవరకూ చెప్పి ఆపెయ్యండి. ఆ ఏడాది చివర ఆమె ఆ గడియారం తిరిగిచ్చేసిందనీ, జోస్యం క్లాసులోంచి మధ్యలో లేచి వెళ్లిపోయిందనీ, నూటికి 320 తెచ్చుకున్న, మంత్రాలు రాని మనుషుల గురించి చెప్పే మగుల్ స్టడీస్‌ను కూడా ఇక చాలని వదిలేసిందనీ పొరపాటున కూడా అనకండి. తోటి విద్యార్థి మాల్ఫాయ్ చెంప పగలగొట్టిన సంగతి దాచండి. చివరి పుస్తకంలో బ్యాంకు దోచి డ్రాగన్ మీద ఉడాయించిన సంగతి దాచండి. అన్నిటికన్నా లోపల దాచవలసింది, వంటింట్లో జీతం లేకుండా చాకిరీ చేసే ఎల్ఫులకి జీతమూ సెలవులూ కావాలని ఆమె సంఘం పెట్టి బ్యాడ్జీలు అమ్మిన వ్యవహారం. ఇది తెలిస్తే మీ అమ్మాయి రేపు పొద్దున్నే, మన పనమ్మాయికి ఆదివారం సెలవెందుకు లేదమ్మా అంటుంది.

దేశాభిమానం ఉన్నవాళ్లకి పాటిల్ కవలలున్నారు, పద్మ, పార్వతి. పాటిల్ మరాఠీ వాళ్ల ఇంటిపేరు కదా అంటారా? లండన్ నుంచి చూస్తే విజయవాడైనా పుణె అయినా ఒకటే, మనవాళ్లే అనుకోండి. పుస్తకంలో పద్మ రేవెన్‌క్లా, పార్వతి గ్రిఫిండోర్, బళ్లో వేర్వేరు ఇళ్లు. సినిమావాళ్లు ఇద్దర్నీ ఒకే ఇంట్లో కుదేశారు. నాలుగో పుస్తకం డాన్సు రోజున హ్యారీ, అతని స్నేహితుడు రాన్ వాళ్లని తోడు తీసుకెళ్లి, రాత్రంతా వేరే అమ్మాయిల వంక చూస్తూ మొహాలు మాడ్చుకుని కూచుంటారు. కవలలు విసుగెత్తి ఫ్రెంచి కుర్రాళ్లతో డాన్సుకి లేచిపోతారు. ఏడు పుస్తకాల్లోనూ ఇంత వివేకంగా ప్రవర్తించినవాళ్లు తక్కువ. కానీ మీరు ఎంచుకునేది ఆ వివేకం చూసి కాదు, పేర్లు చూసి. ఆ తేడా మరవకండి.

ఎవరికీ చెప్పుకోకుండా అభిమానించవలసిన పాత్ర ఒకటుంది, బడి మీద పెత్తనం చేసే డోలరెస్ అంబ్రిడ్జ్. గులాబీ రంగు స్వెట్టరు, గోడ నిండా పిల్లి కూనల బొమ్మలున్న ప్లేట్లు, ముద్దుముద్దు మాటలు. రోజుకో కొత్త నిబంధన అచ్చువేయించి అంటిస్తుంది. ఆమె ఇచ్చే ఇంపొజిషన్‌కి సిరా అక్కర్లేదు. కాగితం మీద రాసిన మాటే రాసేవాడి చేతి వెనక కోసుకుపోతుంది, వాడి నెత్తురే సిరా. హాస్టల్ వార్డెన్లూ, సర్క్యులర్లు పంపే హెచ్చార్ అధికారులూ పుస్తకం మూసి ఒంటరిగా ఉన్నప్పుడు ఈమెనే మెచ్చుకుంటారని నా అనుమానం. మిగతావాళ్లు అసలు విలన్ వోల్డెమార్ట్ కన్నా ఈమెనే ఎక్కువ తిడతారు. వోల్డెమార్ట్ మన బళ్లో ఎప్పుడూ పనిచెయ్యలేదు మరి.

మేధావి అనిపించుకోవాలంటే దారి సులువు. సినిమాల్లో లేని పాత్రని పట్టుకోండి. పీవ్స్ అనండి. కోటంతా తిరుగుతూ సామాన్లు విసిరే ఈ అల్లరి దయ్యం పుస్తకాల నిండా ఉంది, సినిమాల్లో లేదు. మొదటి సినిమాకి రిక్ మేయల్ చేత వేషం వేయించి, చిత్రీకరించి, ఆనక కోసి పారేశారు. ఈ ముక్క చెబితే సినిమాలు మాత్రమే చూసినవాళ్లు అక్కడికక్కడే చల్లబడతారు. అంబ్రిడ్జ్ పెత్తనం రోజుల్లో పీవ్స్ ఒక షాండ్లియర్ ఊడదీయబోతుంటే, అటుగా పోతున్న మెక్‌గొనగల్ మేడమ్ ఆగకుండానే, పెదవి చివర్నుంచి, మర అటువైపు తిప్పితే ఊడదు, ఇటు తిప్పాలని చెప్పి వెళ్లిపోతుంది. ఏమాటకామాట, ఈ చోట నాకే మనసు జారింది. జారకూడదు. మెక్‌గొనగల్ అంటే ముసలి మేడమ్ నచ్చిందేమిటని అడుగుతారు.

ఇక అతి ముఖ్యమైన హెచ్చరిక. ఒకసారి పేరు చెప్పాక మార్చకండి. మార్చకుండా ఉండాలంటే పుస్తకాలు మళ్లీ చదవకండి. పదిహేనేళ్లప్పుడు సిరియస్ బ్లాక్ అన్నవాళ్లు ముప్పైలో మళ్లీ చదివి లూపిన్ దగ్గర ఆగిపోతున్నారు. అంత బాగా పాఠం చెప్పే మాస్టారు, తోడేలుగా మారే జబ్బుందని బయటపడగానే, తల్లిదండ్రుల ఉత్తరాలు రాకముందే పెట్టె సర్దుకుంటాడు. ఉద్యోగాలు మారిన వయసులో ఇది చదివితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నలభై దాటినవాళ్ల సంగతి మరీ అన్యాయం. వాళ్లు రాన్ తల్లి మోలీ వీస్లీ దగ్గర పడిపోతున్నారు. స్వెట్టర్లు అల్లే గృహిణి! ఆవిడ ఇంట్లో ఒక గడియారం ఉంటుంది. అంకెలుండవు, తొమ్మిది ముళ్లుంటాయి, ఇంటిల్లిపాదికీ తలా ఒకటి. ఇల్లు, బడి, పని, ప్రయాణం, ఆస్పత్రి, ఎవరు ఎక్కడుంటే ముల్లు అక్కడ చూపిస్తుంది. ఆరో పుస్తకం వచ్చేసరికి తొమ్మిది ముళ్లూ ప్రాణాపాయం దగ్గరే నిలబడతాయి. ఆవిడ ఆ గడియారాన్ని ఉతికే దుప్పట్ల బుట్ట మీద పెట్టుకుని ఇంట్లో ఎటు వెళితే అటు మోసుకెళుతుంది. కొడుకు ఫ్లైటెక్కాక రాత్రంతా వాట్సాప్ తెరిచి చివరిసారి ఎప్పుడు చూశాడో చూసుకునే తల్లులు ఈ పేజీ చదివితే స్నేప్‌కి మిగిలేదేమిటి?

అయిదో పుస్తకంలో ఇంకో చోటుంది, సెయింట్ మంగోస్ ఆస్పత్రి. క్రిస్మస్ సెలవుల్లో నెవిల్ నాయనమ్మతో కలిసి మతి తప్పిన అమ్మానాన్నల్ని చూడ్డానికి వస్తాడు. తల తెల్లబడ్డ తల్లి నైటీలోనే నడిచొచ్చి కొడుకు చేతిలో ఏదో పెడుతుంది. చూస్తే బబుల్‌గమ్ కాగితం, ఖాళీది. నాయనమ్మ విసుక్కోదు కానీ, ఇప్పటికి మీ అమ్మ ఇచ్చిన కాగితాలతో గదంతా అతికించొచ్చు, చెత్తబుట్టలో వెయ్యమంటుంది. నెవిల్ అమ్మకి థాంక్స్ చెబుతాడు. వెళ్లేటప్పుడు ఆ కాగితం బుట్టలో కాక జేబులోకి పోవడం హ్యారీ చూస్తాడు. ఆ పేజీ వస్తోందని తెలిసిన వెంటనే లేచి కాఫీ పెట్టుకోండి. తిరిగొచ్చి తర్వాతి అధ్యాయం తియ్యండి. ఇన్నాళ్లూ కష్టపడి నిలబెట్టుకున్న స్నేప్ ఆ పేజీ ముందు ఒక్క నిమిషం ఆగడు. ఎవరి క్లాసులో ఆ పిల్లవాడు వణికాడో గుర్తొస్తుంది.

ఇంత చెప్పినా, అడగ్గానే ఆలోచించకుండా నెవిల్ అనేవాళ్లు మీకు తగులుతారు. వాళ్లతో వాదనకి దిగకండి, ఓడిపోతారు. వాళ్ల ఇంట్లో ఏడు పుస్తకాలూ అట్టలు ఊడిపోయి ఉంటాయి. అయిదోది బదులడిగి తెచ్చుకోండి.