నేను కాలిపోలేదు

నన్నెవరూ చూడరు, చక్రాన్నే చూస్తారు. ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డుకు వెనక కుడివైపు తిరిగే చక్రం లోపలి మోటారును నేను. ఎడమ చక్రంలో నా తోడబుట్టింది ఉంది. ఇరుసుకు బిగించిన పన్నెండు ఇనుప పళ్లు, వాటికి చుట్టిన రాగి తీగ, బయట తిరిగే రింగుకు లోపలివైపు అంటించిన పద్నాలుగు అయస్కాంతాలు: ఇంతే నా ఒళ్లు. బ్రష్షులు లేవు కాబట్టి నాలో అరిగేవి బేరింగులే.

ఈ బోర్డెక్కే మా అమ్మాయి ఉస్మానియాలో, 1929లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతుంది. తార్నాకలో అద్దెగది. మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో బోర్డెక్కే సాహసం చేయదు. చంకలో పెట్టుకుని నడుస్తుంది. క్యాంపస్‌లో చెట్ల నీడ మొదలయ్యాక కింద పెడుతుంది. అక్కడ నా రాజ్యం. పొద్దుటి వాకింగువాళ్లను తప్పుకుంటూ, స్పీడుబ్రేకరు దగ్గర దిగుతూ, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గులాబీరంగు రాతిగోడల ముందు నుంచి ఇద్దరం దూసుకుపోయేవాళ్లం.

వానాకాలం వెళ్లాక నాకు వణుకు పట్టుకుంది. నిలబడ్డచోటి నుంచి బయల్దేరమంటే గరగరలాడుతూ ముందుకీ వెనక్కీ ఊగేదాన్ని. ఒక్కోసారి ఏమీ లేనట్టు లేచి పరిగెత్తేదాన్ని. కాలితో నేలను తన్ని బోర్డును కాస్త దొర్లిస్తే ఇక ఏ ఇబ్బందీ లేదు. చూసినవాళ్లందరూ తలోమాటా అన్నారు. బ్యాటరీ వీకైందన్నారొకరు. రిమోట్ పోయిందన్నారు మరొకరు. ఎక్కువమంది తీర్పు మాత్రం ఒకటే: “మోటర్ కాలిపోయింది, కొత్తది వేయించు.”

తార్నాకలో ఫ్యాన్లకూ మిక్సీలకూ బోరు మోటార్లకూ వైండింగ్ కట్టే ఒక పెద్దాయన దగ్గరికి నన్ను తీసుకెళ్లింది. ఆయన నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. “కాలలేదు బిడ్డా. వార్నిష్ కాలితే వాసన దాగదు. ముందుగాల వైర్లు చూడు” అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. నన్ను విప్పకుండానే నామీది నింద సగం దించిన మనిషి ఆయన.

మిగతా సగం దించింది ఎలక్ట్రికల్ ల్యాబులో ఉండే సీనియర్ అక్క. ఆమె పద్ధతి నాకు నచ్చింది. అనుమానితులను ఒక్కొక్కరినే పక్కకు తప్పిస్తూ వచ్చింది.

మొదట స్విచ్చాపి, బోర్డును తిరగేసి, నన్ను చేత్తో తిప్పింది. తేలిగ్గా తిరిగాను. అంటే బేరింగులు బాగున్నాయి, ఊడిన అయస్కాంతం ఏదీ రాసుకోవడం లేదు. బిగుసుకుని ఉంటే నా తీగలను కంట్రోలరు నుంచి ఊడదీసి మళ్లీ తిప్పేది. అప్పుడు తేలిగ్గా తిరిగితే, కంట్రోలరులో మాస్‌ఫెట్ షార్టయిందని అనుమానించేది.

తర్వాత ఎడమ మోటారు కనెక్టర్లు నాకు, నావి దానికి మార్చింది. వణుకు నాతోనే వచ్చింది. దాంతో బ్యాటరీ, రిమోట్, కంట్రోలరు ముగ్గురూ బయటపడ్డారు. మా అమ్మాయి ముఖం వాడింది. “అయితే నిజంగా మోటరేనా అక్కా?” అంది. “ఆగు. మోటర్ వరకు వచ్చినం. మోటర్ల ఏందో చూడాలె కదా!”

నాకు మూడు లావుపాటి తీగలున్నాయి. వాటిలో రెండింటి కొసలు కలిపి తిప్పితే నేనే జనరేటరునై, పుట్టిన కరెంటుతో నాకు నేనే బ్రేకు వేసుకుంటాను. అక్క మూడు జతలనూ అలా కలిపి చూసింది. మూడుసార్లూ బిగువు ఒకేలా ఉంది. ఒక తీగ తెగి ఉంటే అది ఉన్న జతల్లో బిగువు ఉండేది కాదు. జతల నిరోధాల మధ్య చిన్న తేడా ఉంటే మామూలు మల్టీమీటరుతో తేలదు. నా వైండింగ్ నిరోధం ఓమ్‌లో చిన్న భాగమే.

ఇక మిగిలింది సన్న తీగల గుత్తి. నాలో మూడు హాల్ సెన్సర్లున్నాయి. 1879లో అమెరికాలో ఎడ్విన్ హాల్ అనే పరిశోధక విద్యార్థి కనుక్కున్న సూత్రంతో అవి పనిచేస్తాయి: కరెంటు పారే రేకు దగ్గరికి అయస్కాంతం వస్తే అందులో అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుంది. అలా చక్రం ఏ స్థితిలో ఉందో అవి చెబుతుంటే, ఏ తీగకు కరెంటు పంపాలో కంట్రోలరు తేల్చుకుంటుంది. పరుగులో నేను పుట్టించే వోల్టేజిని చూసి కూడా చక్రం స్థితిని పసిగట్టవచ్చు. నిలబడి ఉన్నప్పుడు అది సున్నా, సెన్సర్లే దిక్కు. దొర్లిస్తే పరిగెత్తే నేను నిలబడ్డచోట వణకడానికి కారణం ఇదే.

అక్క కనెక్టరు ఊడదీయకుండా వెనకనుంచి మీటరు ముల్లు గుచ్చి, నన్ను నెమ్మదిగా తిప్పింది. సెన్సర్లకు అయిదు వోల్టులు అందుతున్నాయి. నీలం, ఆకుపచ్చ తీగలు సున్నాకూ అయిదుకూ మధ్య మారుతున్నాయి. పసుపు తీగ అయిదు దగ్గరే ఉండిపోయింది. మూడు సెన్సర్లు కలిసి చెప్పే స్థితులు ఆరు. ఒకటి ఎప్పుడూ ‘ఉంది’ అంటూ కూర్చుంటే మూడింటిలో నిజం చెబుతాం, మూడింటిలో అబద్ధం. నిజం చెప్పే చోట ఆగితే లేచేదాన్ని, అబద్ధం చెప్పే చోట ఆగితే వణికేదాన్ని.

ఇరుసు నుంచి తీగలు బయటికి వచ్చే మలుపు దగ్గర పసుపు తీగను వేలితో కదిపేసరికి మీటరులో అంకె గెంతింది. పైన తొడుగు చెక్కు చెదరలేదు. లోపల రాగి తెగింది. స్పీడుబ్రేకర్ల దగ్గర దింపినప్పుడల్లా, చంకలో ఊగినప్పుడల్లా ఆ మలుపే వంగుతూ వచ్చింది.

కోఠి గుజరాతీ గల్లీ నుంచి సన్న వైరు, హీట్‌ష్రింక్ గొట్టం వచ్చాయి. మా అమ్మాయి చేత్తోనే టంకం పెట్టించింది అక్క. మలుపు దగ్గర సిలికాన్ పూసి, తీగను కాస్త వదులుగా ఉంచి ఇరుసుకు కట్టించింది. నన్ను విప్పే పనే పడలేదు. ఒక్క ఊపుతో లేచాను.

నాకు నోరు లేదు. వణుకు, వేడి, వాసన, చేతికి తగిలే బిగువు, ఇవే నా మాటలు. వరుసగా అడిగితే అన్నిటికీ జవాబిస్తాను. అడక్కుండా తీర్పు చెబితే మాత్రం ఒక్క తెగిన తీగ కోసం మంచి మోటారు చెత్తబుట్టలో పడుతుంది.

మొన్న ఒక జూనియర్ తన బోర్డు పట్టుకొచ్చాడు. “మోటర్ కాలిపోయిందక్కా.”

“వాసనొచ్చిందా?” అంది మా అమ్మాయి. “లేదా? అయితే స్విచ్చాపు. తిరగేసి, చేత్తో తిప్పు.”