వామి మీద నుంచి గండికోట దాకా

నేను టార్పాలిన్ పట్టను. కళ్యాణదుర్గం పక్క పల్లెలో శెనక్కాయల రైతు ఇల్లు నాది. వ్యవసాయ శాఖ సబ్సిడీలో ఇస్తుంటే పెద్దాయన వరుసలో నిలబడి నన్ను తెచ్చుకున్నాడు. కళ్లంలో కాయలు ఆరబోస్తే కింద పరుచుకుంటాను, వామి వేస్తే పైన కప్పై ఉంటాను.

మా అనంతపురానికి వానలు తక్కువ. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు సముద్రం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాలు కూడా మా దాకా వచ్చేసరికి చిక్కిపోతాయి. ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లే. ఊడలు దిగే వేళకు మొహం చాటేసిన వాన, కట్టె పీకి ఆరేసిన రోజున దిగుతుంది. నా అవసరం అప్పుడే. కప్పడానికి వామే లేక అటక మీద ముడుచుకున్న ఏళ్లూ ఉన్నాయి. అట్లాంటి ఏడాదే పెద్దాయన కొడుకు, కోడలు బెంగళూరుకు వలసపోయారు. ఆయన వ్యాను తోలుతాడు, ఆమె గార్మెంట్స్‌లో కుడుతుంది. తొమ్మిదేళ్ల పిల్లాడు, అయిదేళ్ల పాప అవ్వ దగ్గరే ఉండిపోయారు.

మొన్న సంక్రాంతికి ఆమెకు సెలవు దొరకలేదు. ఆయన ఒక్కడే వచ్చాడు. పండుగ మరునాడు పిల్లాడు అడిగాడు.

"నాయనా, మన పెన్నలో నీళ్లు ఎప్పుడన్నా ఉంటాయా?"

పెన్న మా మండలంలోంచే పోతుంది. వాడికి తెలిసిన పెన్న అంటే ఇసుకే. తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను అటక మీద నుంచి దించి దులిపాడు.

"యాడుంటాయో చూపిస్తా, పాండి."

పాత మారుతి వ్యానులో నాతో పాటు రెండు వెదురు గడలు, ఎద్దుల పగ్గాలు, దుప్పట్లు, 20 లీటర్ల నీళ్ల క్యాను ఎక్కాయి. "ఇంట్లో చోటు లేదనా బిడ్డల్ని బయలు మీద పండబెట్టేది?" అని కోప్పడుతూనే అవ్వ జొన్నరొట్టెలు, ఊరిబిండి, మిగిలిన ఓళిగలు మూటగట్టి ఇచ్చింది.

అనంతపురం దాటి తాడిపత్రిలో ఆగాం. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర ఊరే నీళ్ల గురించి తండ్రి చెబుతుంటే, "మన ఊళ్లో లేని నీళ్లు సామి దగ్గర దాచిపెట్టినారా?" అంది పాప.

సాయంత్రానికి జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాం. కోటలో మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం. మందపాటి రాతి గోడల ఆ కట్టడాన్ని చూసి నాకు అయినవాళ్లను చూసినట్టయింది. పండించిన గింజను తడవకుండా కాపాడడమే దాని పని కూడా.

అక్కడి నుంచి లోయ దగ్గరికి పోయారు. దాదాపు 300 అడుగుల లోతున, ఎర్రటి బండల మధ్య పెన్న. దిగువన మైలవరం జలాశయం ఉండడంతో నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి. తండ్రి రెండు చేతులా ఇద్దరి మణికట్లు పట్టుకుని, అంచుకు చాలా ఇవతలే కూర్చోబెట్టాడు.

"ఇది మన పెన్నేనా?"

"మన పెన్నే. నంది కొండల్లో పుట్టి, మన పక్కగా వచ్చి, ఈ బండను కోసుకుంటా పోయింది. అది చేసిన గండే ఈ గండికోట. నెల్లూరు దాటి సముద్రంలో కలిసేదాకా 597 కిలోమీటర్లు."

పిల్లాడు చాలాసేపు కిందికే చూశాడు.

లోయకు దూరంగా, గుడారాలు వేసుకునే చోట నన్ను కట్టారు. నేలంతా బండ, గూటం దిగలేదు. తండ్రి పగ్గాలను పెద్ద రాళ్లకు చుట్టి బిగించాడు. పిల్లాడు టార్చి పట్టుకున్నాడు, పాప చిన్న రాళ్లు ఏరి తెచ్చింది. పొద్దు పోయాక గాలి లేచి నేను టపటపా కొట్టుకుంటే పాప భయపడి అవ్వ కావాలని ఏడ్చింది. తండ్రి దాన్ని పొట్ట మీద పండబెట్టుకుని, వామి మీద కూడా ఈ పట్ట ఇట్లనే అరుస్తుందని, అరిచినా ఎగిరిపోదని చెప్పాడు. ఆయన చెయ్యి తెల్లవార్లూ పాప వీపు మీదే ఉంది.

తెల్లారుజామున నా లోపలి వైపు నుంచి ఒక చుక్క జారి పాప నుదుటి మీద పడింది.

"వాన! నాయనా, వాన!"

ఇద్దరూ బయటికి ఉరికారు. ఆకాశం నిండా చుక్కలే. తండ్రి నవ్వి, పాప వేలు పట్టి నా మీద గీత గీయించాడు. గీత వెంట నీళ్లు జారాయి. "మీ ఊపిరే ఇది. చలికి పట్టకు తగిలి నీళ్లయింది." పన్నెండు పంటల నుంచి నీళ్లను అడ్డుకోవడమే తెలిసిన నేను, ఆ పిల్లల ఊపిరిని మాత్రం చుక్కలుగా మోశాను. నా బతుకులో అంతకన్న మంచి రాత్రి లేదు.

తిరుగుదారిలో ఇసుక పెన్న కనబడగానే పిల్లాడు చెల్లెలికి చూపించాడు. "ఆ బండను కోసింది ఇదే." వాడికి ఇప్పుడది ఎండిన ఏరు కాదు, బలం తెలిసిన ఏరు.

ఇప్పుడు మళ్లీ అటక మీదే ఉన్నాను. తండ్రి బెంగళూరుకు పోయాడు. మీ ఇంట్లోనూ నాలాంటి పట్ట ఒకటి ఉండే ఉంటుంది. ఖరీదైన గుడారం అక్కర్లేదు. వచ్చే సెలవుల్లో దాన్ని దులిపి, తాగేందుకు నీళ్లు, నాలుగు రొట్టెలు కట్టుకుని, ఒక్క రాత్రి మీ పిల్లల్ని మీ ఏటి వెంట తీసుకుపోండి. లోయ అంచున మాత్రం వాళ్ల చెయ్యి వదలకండి.