కర్రీ పాయింటు మీద ఓనరుగారి కోపం

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు చూపించే ఓనరు అడగని ప్రశ్న ఉండదు. మీరేమిట్లు, నాన్‌వెజ్ తింటారా, ఇంట్లో ఎంతమంది, చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారు, గోడలకు మేకులు కొడతారా. ఈ ఇంట్లో కాపురం ఉంటారా, వ్యాపారం పెడతారా అన్నది మాత్రం నోటికి రాదు. వచ్చినా నిజం కాగితం మీదికి రాదు. ఆర్నెల్లు తిరిగేసరికి ఫస్టు ఫ్లోరు నుంచి అల్లంవెల్లుల్లి ఘాటు మెట్లు దిగి వస్తుంది. హాల్లో సోఫా ఉండాల్సిన చోట స్టీలు గిన్నెల వరస: పప్పు, దొండకాయ వేపుడు, సాంబారు. పక్కనే రబ్బరు బ్యాండు బిగించిన కవర్లు. గేటు దగ్గర 'సార్, లొకేషన్ ఇదేనా' అంటూ డెలివరీ కుర్రాళ్లు. అప్పుడు ఓనరుగారికి చట్టం గుర్తొస్తుంది.

నిజానికి చట్టం ఆయన పక్షాన బాగానే ఉంది. ఏ పనికిచ్చిన ఇంటిని ఆ పనికే వాడాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను కిరాయిదారుకు ఏనాడో చెప్పింది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం కూడా, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంటి వాడకం మార్చేస్తే ఖాళీ చేయించవచ్చు. కాకపోతే నగరంలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. ఆ డబ్బుకు ఇవాళ కారు పార్కింగ్ దొరికితే గొప్ప. మిగతా ఇళ్లన్నిటికీ ఆ 1882 చట్టమే దిక్కు. అందులో 106వ సెక్షను మరీ ఉదారం. నెలనెలా అద్దె మీద ఉన్నవాళ్లకు 15 రోజుల నోటీసు ఇస్తే చాలు, కారణం చెప్పనక్కర్లేదు, గిన్నెలు లెక్కపెట్టి రుజువు చూపనక్కర్లేదు. అయినా ఓనరుగారు లాయరు దగ్గరికి వెళ్లరు, మోటారు స్విచ్చి దగ్గరికి వెళతారు. నీళ్లు బంద్, కరెంటు బంద్, ఒళ్లు మండితే తాళం. తాళం పడ్డ రోజున కథ తిరగబడుతుంది. చట్టప్రకారం కాకుండా గెంటేసినవాడు ఆరు నెలల్లోగా దావా వేస్తే, ఇల్లెవరిదన్న దానితో పని లేకుండా స్వాధీనం తిరిగి ఇప్పించే వీలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఉంది. మళ్లీ అదే వంటింట్లో కుక్కరు కూస్తుంది, ఈసారి కోర్టు ఉత్తర్వుతో.

ఇంత సులువైన దారి ఉండగా స్విచ్చి ఎందుకు కట్టేస్తారంటే, కోర్టు గుమ్మం ఎక్కితే రెండు పక్షాల కాగితాలూ బయటపడతాయి కనుక. అగ్రిమెంటు 11 నెలలకే ఉంటుంది. రిజిస్ట్రేషన్ బెడద ఉండదనుకుని నెల కోసేశారు. అద్దెలో కొంత బ్యాంకుకు, కొంత చేతికి. పర్మిషన్ రెండంతస్తులకు, కట్టింది నాలుగు, ఆ పైన పెంట్‌హౌసు. 2015 నాటి బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము దరఖాస్తు రసీదు బీరువాలో భద్రం. అనుమతి లేని గదిలో అనుమతి లేని వ్యాపారం నడుస్తోందని ఫిర్యాదు చేయాలంటే గుండె నిబ్బరం కావాలి మరి. దీనికి తోడు చాలామంది ఓనర్లకు ఆ వాసన మొదటి నెలలోనే తెలుస్తుంది. అద్దె మీద మూడు వేలు కలిపితే ఘాటు తగ్గుతుంది. షరతు తప్పినందుకు లీజు రద్దు చేసే హక్కు మీకున్నా, సంగతి తెలిసి కూడా ఆ తర్వాతి అద్దె పుచ్చుకుంటే ఆ హక్కు వదులుకున్నట్టేనని అదే 1882 చట్టం 112వ సెక్షను. ఓనరుగారు ఆ మూడు వేలకు తన హక్కు అమ్ముకుని, మిగిలింది కోపం గనక దాన్ని వాడుకుంటున్నారు.

పాపం, పొట్టకూటికోసం ఇంట్లో నాలుగు కూరలు వండుకుంటే తప్పా అంటారు కొందరు. తప్పు కాదు. పచ్చళ్లు పెట్టేవారికి, టిఫిన్లు కట్టేవారికి అమ్మకాలు చిన్నవైతే ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది. ట్యూషను చెప్పుకునేవారినీ, జాకెట్లు కుట్టుకునేవారినీ ఆడిపోసుకోనక్కర్లేదు. కానీ పడగ్గదిలో మంచం తీసేసి ఆరు ఎర్ర గ్యాస్ బండలు నిలబెడితే అది పొట్టకూటి సంగతి మాత్రమే కాదు, పైఫ్లోరు పిల్లల ప్రాణాల సంగతి. హోటళ్లకు 19 కిలోల నీలం బండ వేరే ఉంది, ధర ఎక్కువ గనక దాన్నెవరూ మెట్లెక్కించరు. కరెంటు మీటరు కూడా ఓనరు పేరునే, గృహ కేటగిరీలోనే తిరుగుతుంది. అలా వ్యాపారానికి వాడినట్టు తేలితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెట్టింపు రేటున లెక్క కడతారు. ఎప్పటినుంచో తేలకపోతే వెనక్కి 12 నెలలు. కూర తిన్నది ఊరు, బకాయి కూర్చునేది ఓనరుగారి కనెక్షన్ మీద.

కోర్టుల్లో ఏళ్లు పడుతుంది, అందుకే స్విచ్చి అంటారు. పడుతుంది, నిజమే. అందుకే ముందే రాసుకోవాలి: ఏ పని చేసుకోవచ్చు, ఎన్ని బండలు, మీటరు కేటగిరీ ఎవరు మార్పించాలి, దాటితే ఏమిటి. ఈ మాటంటే ఓనర్లు ఇంకో చిక్కు చెబుతారు. వ్యాపారమని కాగితం మీద పెడితే ఆస్తిపన్ను కూడా ఆ లెక్కనే కట్టాలట. అందుకే అగ్రిమెంటులో 'నివాసం కొరకు మాత్రమే' అని రాయిస్తున్నారు, అద్దె మాత్రం దుకాణం రేటున వసూలు చేస్తున్నారు.